పట్నానికి పొలిమేర లేదు

నిన్న మధ్యాహ్నం మా కాలనీ మీదుగా విమానం ఒకటి బాగా కిందుగా వెళ్ళింది. ఇంకా జనాన్ని ఎక్కించుకోవడం లేదట, ఊరికే దిగడం, లేవడం అలవాటు చేసుకుంటోందట. మేడ మీద వడియాలు పెడుతున్న మా అమ్మ గబగబా వాటి మీద పాత చీర కప్పేసింది, వచ్చింది కాకి అయినట్టు.

"ఏటమ్మా, విమానం వడియాలెత్తుకుపోద్దా?" అన్నాను.

"ఊరే ఎత్తుకుపోయింది, వడియాలొక లెక్కా?" అంది.

మా ఇంట్లో వెటకారం నాకొక్కడికే ఉందనుకుంటూ ఉంటాను. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

చీర కింద నుంచి ఎండకి ఉడుకుతున్న పిండి వాసన, జీలకర్ర వాసన లేచాయి. వాటి వెనకాలే నా చిన్నప్పటి ఒక వేసవి లేచింది. మా కుటుంబం అంతా కలిసి విహారయాత్రకి వెళ్ళిన ఒకే ఒక్క వేసవి అది. విహారయాత్ర అనగానే ఊటీ, కాశ్మీరం ఊహించుకోకండి. విశాఖపట్నం. పొద్దున్న బస్సెక్కితే ఎండ ముదరకముందే దిగిపోయేంత దూరం.

మా ఊరు విజయనగరం జిల్లాలో సముద్రం పక్కన ఉండేది. ఇప్పుడు అక్కడ రన్‌వే ఉంది. మా పెరట్లో నుయ్యి ఉండే చోట సరిగ్గా ఏముందో చూడాలంటే టికెట్టు కొనుక్కుని వెళ్ళాలి. అప్పుడు మాత్రం జీడితోటలు, సరుగుడు తోటలు, కాళ్ళు కాలే ఇసక. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా జీడిపిక్కలు కాల్చిన పొగే. ఆ పొగకి కళ్ళు మండేవి, గొంతు గీరుకునేది, దాంతో పాటే ఆకలీ వేసేది. పిక్క పూర్తిగా కాలకముందే కొరికితే జీడి తగిలి మూతి పొక్కుతుంది. ఈ సంగతి పెద్దవాళ్ళు ఏటా చెప్పేవారు, మేము ఏటా కొరికేవాళ్ళం. పట్నం ప్రయాణానికి సరిగ్గా ముందు రోజు నేను నా వంతు కొరికాను. అందుకే ఆ యాత్రలో తీసిన ఫొటోలన్నిటిలోనూ నా పెదాలు నాకంటే ముందు పడ్డాయి.

ఆ ఏడు ఊళ్ళో ఒకటే మాట. విమానాశ్రయం వస్తోంది, ఊరు లేవాలి, ఇంకోచోట కాలనీ కట్టి ఇస్తారు. సగం మంది లేద్దామన్నారు. సగం మంది చచ్చినా లేవమన్నారు. మిగతా సగం మంది మా తాత ఏం చెబితే అదే అన్నారు. లెక్కలు మా ఊరికి ఎప్పుడూ రాలేదు.

మా తాతకి చదువు లేదు, పదవి లేదు. ఒక్కటే ఉంది. అమ్మోరి పండగలో తొలి ఘటం మా ఇంటి నుంచి బయల్దేరేది. ఆ ఘటం ముందు నడుస్తూ ఊరి పొలిమేర పొడుగునా తిరిగి, రాయి రాయికీ వేపమండ పెట్టి వచ్చేది తాతే. ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూపించే మనిషి కాబట్టి, ఊరు ఉండాలో లేవాలో కూడా ఆయనే చెప్పాలని జనం అనుకున్నారు.

తాతకి ఒక చెల్లెలు. ఆవిడ అత్తవారి ఊరు ఎప్పుడో ఒక ఫ్యాక్టరీ కోసం లేచిపోయి, పట్నం పక్కన కాలనీ అయింది. టీ బడ్డీ దగ్గర అందరూ తాత చుట్టూ మూగినప్పుడు ఆయన ఒకటే మాటన్నాడు.

"నానెల్లి దాన్ని సూసొస్తాను. లేసిపోయిన ఊరు మల్లీ ఊరయిందో నేదో కల్లతో సూసొచ్చి సెప్తాను. అందాక ఎవులూ దేనికీ తలూపకండి."

అదీ అసలు పని. మాకు, అంటే నాకూ చెల్లికీ, "పట్నం చూపిస్తాం" అని చెప్పారు. జూ, బీచి, ఒడ్డున పెట్టిన జలాంతర్గామి. మేము వారం రోజులు నిద్రపోలేదు. తాత కూడా నిద్రపోలేదు. ఆయనకీ జూ అంటే ఇష్టమేనేమో అనుకున్నాను.

బయల్దేరిన రోజు తాత పొందూరు పంచె కట్టాడు. నాన్నమ్మ పెద్ద క్యారేజీ నిండా పులిహోర కలిపింది. బస్సులో డీజిలు వాసనకీ, చింతపండు పోపు వాసనకీ కాసేపు యుద్ధం జరిగి, చివరికి రెండూ కలిసి చెల్లికి వాంతి తెప్పించాయి. నాన్న కిటికీ తెరిచాడు. అది తాతకి పనికొచ్చింది.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. వండిన కూడు పట్టుకుని పరాయి ఊరి పొలిమేర దాటేటప్పుడు ఆ ఊరి అమ్మోరికి చిటికెడు వదలాలి. లేకపోతే ఆవిడ కూడా వెంట వస్తుందని భయం. నడిచి వెళ్ళే రోజుల్లో పెట్టిన పద్ధతి అది. బస్సుల సంగతి అమ్మోరికి ఎవరూ చెప్పినట్టు లేదు. తాత క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ దారిలో ప్రతి పొలిమేరా ఆయనకి తెలుసు. ఇక్కడ కల్వర్టు, అక్కడ జంట తాడిచెట్లు, ఆ మలుపులో నల్లరాయి. ఒక్కొక్కటి రాగానే ఓ చిటికెడు పులిహోర కిటికీలోంచి బయటికి. భోగాపురం వాటా ముట్టింది. ఆ తర్వాతి ఊళ్ళ వాటాలూ ముట్టాయి. తగరపువలస అమ్మోరి వాటా మాత్రం వెనకాల మోటారు సైకిలు మీద వస్తున్న ఒక పెద్దమనిషి తెల్ల చొక్కా మీద పడింది.

ఆయన బస్సుని దాటుకుని వచ్చి, స్టాపులో కిటికీ కింద నిలబడ్డాడు.

"ఏటి ముసిలాయినా, కూడు ఇసిరేస్తన్నావు?"

"ఇసరడం కాదు బావూ. మీ అమ్మోరికే."

"మరి నా మీద పడిందేటి?"

"నువ్వడ్డొచ్చినావు" అన్నాడు తాత.

ఆయన మెతుకులు దులుపుకుని, అమ్మోరి పేరు వచ్చింది కాబట్టి తిట్టలేక, నాన్న వైపు మాత్రం గట్టిగా చూసి వెళ్ళిపోయాడు.

"ఏటయ్యా, నీ పొలిమేరలకే క్యారేజీ కాళీ అయిపోతే పిల్లగుంటలకి నానేటెడతాను?" అంది నాన్నమ్మ.

ఆ బెంగ అక్కర్లేకపోయింది. ఎందుకంటే తగరపువలస దాటాక పొలిమేరలు రావడం తగ్గిపోయింది. ఇళ్ళు మొదలయ్యాయి, ఆగలేదు. ఒక ఊరు అయిపోయి ఇంకో ఊరు వచ్చిందని బోర్డు చదివితేనే తెలుస్తోంది. తాత గుప్పిట్లో పట్నం అమ్మోరికని ఈసారి చిటికెడు కాదు, పెద్ద ముద్దే పట్టుకుని చూస్తున్నాడు. పట్నం పెద్దది కదా. కాసేపటికి కండక్టరుని పిలిచాడు.

"పట్నం వచ్చిందేటి బావూ?"

"ఎప్పుడో వచ్చేసింది."

"ఎక్కడ మొదలయింది?"

కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. "నానుద్యోగంలో సేరినప్పుడు ఆ కొండ దాటినాక మొదలయ్యేది. ఇప్పుడు నాకూ తెల్దు. ఇంకొన్నాల్లాగితే మీ ఊరే వచ్చేస్తాది. ఇంటికాడే ఏసేసుకో."

బస్సులో అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. బస్టాండులో దిగేదాకా ఆ ముద్ద అలాగే పట్టుకున్నాడు. గుప్పిట్లోంచి నూనె కారి పొందూరు పంచె మీద పసుపు పడింది.

"పారియ్ నానా, అందరూ సూస్తన్నారు" అన్నాడు నాన్న.

"ఎక్కడ?" అన్నాడు తాత. పొలిమేర కాని చోట వదిలితే అది పారేసినట్టే కదా. చివరికి ఒక కరెంటు స్తంభం మొదట్లో పెట్టాడు. కుక్క ఒకటి వచ్చి, వాసన చూసి, నాకు పులుపు పడదన్నట్టు వెళ్ళిపోయింది.

పట్నం చూశాం. జూలో పులి వెనక్కి తిరిగి పడుకుంది. దాని వీపుకి మేమందరం చేతులూపాం. బీచిలో నాన్నమ్మ నీళ్ళ దాకా వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ చూసి, "ఇది మన సముద్రవే కదేటి? దీనికి ఇంత దూరం రావాలా?" అంది.

"ఇక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు నాన్నమ్మా" అన్నాను.

"మనకాడ జీడిపిక్కలు కాలస్తన్నాం. ఎవులైనా సూడ్డానికి వస్తన్నారా?"

జలాంతర్గామి లోపల ఒకాయన అన్నీ వివరంగా చెప్పాడు. ఎంత లోతుకి వెళ్ళేదో, లోపల ఎలా పడుకునేవారో, ఏం తినేవారో. తాత అంతా విని, "ఇప్పుడేటి సేస్తాదిది?" అని అడిగాడు.

"ఇప్పుడేం చేయదండి. చూడ్డానికే."

"నీల్లల్లో తిరగాల్సిందాన్ని గట్టు మీద కూకోబెట్టి, అలాగొదిలీసినారా?"

ఆయన ఏదో అనబోయాడు గానీ, అప్పుడే చెల్లి ఒంటికొచ్చిందని ఏడుపు అందుకుంది. జలాంతర్గామిలో మరుగుదొడ్డి ఉంది గానీ, అదీ చూడ్డానికేనట. అందరం పరిగెత్తి బయటపడ్డాం.

సాయంత్రానికి తాత చెల్లెలి కాలనీ చేరాం. ఆవిడని మేము పట్నం మామ్మ అనేవాళ్ళం. ఎండిన కర్రలా ఉండేది, నోట్లో చుట్ట ఎప్పుడూ ఉండేది. అదీ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ. మాట్లాడుతూ మాట్లాడుతూ నోట్లోంచి నిప్పు తీసి చూపిస్తే నాకూ చెల్లికీ జూ అంతా దండగనిపించింది. కోడలికి ఆ వాసన పడదని మేడ మెట్ల కింద కూర్చుని కాల్చుకునేది. పాత ఊళ్ళో వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని కాల్చేదట.

ఆవిడ కొడుకు, అంటే నాకు వరసకి మావ, తాతకి కాలనీ అంతా తిప్పి చూపించాడు. సిమెంటు రోడ్లు, కుళాయిలు, వీధి దీపాలు. వీధులకి పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. "అంతా ప్లాను ప్రకారం మావా. మన పల్లెల్లాగ వంకరటింకరగా ఉండదు" అన్నాడు. ఆయన ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. మా ఊరు లేవడం మంచిదేనని ఆయన నమ్మకం. తాత కుళాయి తిప్పి చూశాడు. నీళ్ళొచ్చాయి. కట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే తాత చెల్లెల్ని అడిగాడు. "మీ పొలిమేర ఎక్కడే?"

"సూపిస్తాను, రా."

నేనూ వెనకాల వెళ్ళాను. కాలనీ చివర ఫ్యాక్టరీ ప్రహరీ. దాని కింద మురుగు కాలవ. కాలవ గట్టు మీద నడుము ఎత్తున ఒక రాయి. నిండా పసుపు, కుంకుమ బొట్లు, ఎండిన వేపమండలు. తాత కండువా తీసి నడుముకి చుట్టుకుని దణ్ణం పెట్టాడు. నాకు అప్పట్లో కనబడిన ప్రతిదీ పైకి చదివే జబ్బు ఉండేది. పసుపు కింద అక్షరాలు కనిపించాయి. "హెచ్చరిక. కింద నీటి గొట్టం కలదు. తవ్వరాదు" అని గట్టిగా చదివాను.

"సదవకురా, అమ్మోరికి కోపం వస్తాది" అంది పట్నం మామ్మ.

తాత దణ్ణం పెట్టిన చేతులు దించకుండానే చెల్లెలి వైపు చూశాడు.

"ఏటి సేస్తాం అన్నియ్యా? పాత రాల్లు గోడ లోపలుండిపోనాయి. తెచ్చుకోనివ్వనేదు. ఇక్కడికొచ్చినాక తొలి పండక్కి రాయి కావాలి కదా. ఇది అప్పటికే నిలబడున్నాది. ఎవులో మనకోసవే పాతినారనుకున్నాం. సదువొచ్చినోడు ఆ రోజు ఎవుడూ నేడు."

"ఇప్పుడు తెలిసింది కదా?"

"ఇన్నేల్లు మొక్కేసినాక ఎలాగ మానేస్తాం? వానాకాలం గొట్టం బాగుసేయడానికొచ్చినోలు కూడా మొక్కే తవ్వుతన్నారు."

నేను నవ్వాను. తాత నవ్వుతాడేమో అని కూడా చూశాను. ఆయన ఆ రాయి మొదట్లో కూర్చుని అడగాల్సినవన్నీ వరసగా అడిగాడు. ఘటం ఎవరు మోస్తున్నారు అంటే, ఆ రోజు ఎవరికి సెలవుంటే వాళ్ళు అంది. పాత పక్కింటివాళ్ళు ఎక్కడున్నారు అంటే, చీటీలు తీసి ఇళ్ళిచ్చారు, ఆ పక్కింటి వదిన తొమ్మిదో నంబరు వీధిలో పడింది, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఏడాదికోసారి కలుస్తాం అంది. ఇప్పటి పక్కింటివాళ్ళు ఎవరంటే, మంచోళ్ళే, పేర్లు తెలీవు అంది.

"అన్నియ్యా, నీకు సెప్పనేదు" అంది ఆవిడ, చుట్ట నోట్లోంచి తీసి. "మీ బావ పొద్దున పోయినాడు కదా. మోయడానికి నలుగురు దొరకనేదు. నువ్వు పండగ పన్లో ఉండి మర్నాడొచ్చినావు. ఫ్యాక్టరీ షిప్టు దిగేదాకా అలాగే ఉంచినాం. మద్దేనం కూత ఏసినాక, అటెల్తన్నోలని పిలిసి నా కొడుకు ఆల్ల కాల్లు పట్టుకున్నాడు. ఎవులో ఏటో. ఆల్లు ఫ్యాక్టరీ నీలం బట్టలతోటే మోసినారు."

తాత లేచి పంచె దులుపుకున్నాడు. తర్వాత "ఎండెక్కుతాది, పద" అన్నాడు. చెల్లెలి చేయి పట్టుకుని కాలవ గట్టు దిగాడు. ఇంటికెళ్ళేసరికి కోడలు పనసతొనలు తీసి పెట్టింది. అందరం తిన్నాం. తాత కూడా తిన్నాడు, అడిగి మరీ ఇంకో రెండు వేయించుకున్నాడు. పెద్ద మాటలు విన్నవాళ్ళు అన్నం మానేస్తారని నేననుకునేవాణ్ణి. మా వాళ్ళలో ఎవరూ అలా చేయగా చూడలేదు.

ఆ రోజే తిరిగి వచ్చేశాం. బస్సులో తాత ఎవరికీ ఏమీ వదల్లేదు. వదలడానికి పులిహోర లేదు కూడా.

మా ఊరి మలుపులో దిగగానే జీడితోటల్లో ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు కనిపించాయి. మా తోటలో ఒకటి, పక్కవాళ్ళ తోటలో ఒకటి, అలా బారుగా సముద్రం వైపు దాకా. మేము బీచిలో పొత్తులు తింటున్న వేళకి కొలతలవాళ్ళు వచ్చి పాతి వెళ్ళారట. తాత ఏం చెబుతాడో విని పాతుదామని వాళ్ళెవరికీ తోచలేదు. పిల్లలు అప్పటికే ఒక కర్ర పీకి క్రికెట్టు స్టంపు చేసుకున్నారు. నేనూ ఆ ఆటలో చేరిపోయేవాణ్ణే, కానీ టీ బడ్డీ దగ్గర జనం చూసి అటు పరిగెత్తాను.

ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. తాతకి ఎవరో బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. ఆయన కూర్చోలేదు.

"ఎలాగున్నాది?" అని అడిగారు.

"బాగున్నాది" అన్నాడు తాత.

"ఊరేనా?"

"ఊరే. కుళాయిలున్నాయి. రోడ్లున్నాయి. రాత్రి పూట దీపాలు."

"మరి అమ్మోరు?"

"ఉన్నాది. పొలిమేర రాయి కూడా ఉన్నాది. నాను దన్నం పెట్టొచ్చినాను."

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఒకాయన చేతిలో చల్లారిపోయిన టీ తాగేశాడు. నేను రాయి మీద ఏం రాసి ఉందో చెప్పబోయాను. నాన్నమ్మ నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

ఇంటికొచ్చాక నాన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది. "ఎందుకలాగ సెప్పినావు?"

"దారిలో ఆ ఎర్రగుడ్డలు సూసినావా?"

"సూసినాను."

"మరి?" అన్నాడు తాత.

నాన్నమ్మ పొయ్యి మీది కుండ దించింది. చోడి అంబలి గిన్నెలో పోసి ఇచ్చింది. నంజుకోవడానికి ఉల్లిపాయ ఇచ్చింది.

తర్వాత జరగాల్సింది జరిగింది. కొన్నాళ్ళకి మా ఊరూ లేచింది. తాత అధికారుల్ని ఒకటే అడిగాడు, ఊళ్ళో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుందో అదే వరసలో కాలనీలో ఇవ్వమని. వాళ్ళు చాలా మర్యాదగా విన్నారు, కూల్‌డ్రింకు కూడా ఇచ్చారు. ఆ తర్వాత చీటీలు తీశారు. మా పక్కకి వచ్చినవాళ్ళు ఊరి అవతలి కొసవాళ్ళు, తాతతో ఒక గట్టు తగాదా మీద ఎన్నో ఏళ్ళుగా మాట్లాడని వాళ్ళు. గట్టు ఇప్పుడు రన్‌వే కింద ఉంది కాబట్టి మాట్లాడుకోవచ్చని నాన్న నచ్చజెప్పబోయాడు. గట్టు పోయాక తగాదా కూడా పోతే ఇంకేం మిగుల్తుందని కాబోలు, ఇద్దరూ ఒప్పుకోలేదు.

కొత్త కాలనీలో తొలి పండగకి తాత ఘటం ముందు నడిచాడు. నాలుగు వీధులు తిరిగితే మొదటికొచ్చేశారు. డప్పులవాళ్ళు ఇంకా డప్పులు వేడి చేసుకుంటున్నారు. "అయిపోయిందా?" అని వాళ్ళే ఆశ్చర్యపోయారు. మరుసటేడు తాత మోకాళ్ళు నొప్పులన్నాడు. ఆ పై ఏడు తాతే లేడు.

ఉన్నన్నాళ్ళూ రోజూ ఎవరో ఒకరు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేవారు. కుళాయి రాలేదని, కొడుక్కి పని దొరకలేదని, ముసలావిడకి పొద్దు గడవడం లేదని. "బాగుంటాదన్నావు కదా" అనేవారు. తాత కుర్చీలోంచి లేవకుండా, "బాగానే ఉన్నాది కదేటి" అనేవాడు. ఎంత తిట్టినా అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తమని మోసం చేసినవాడిలా తాతని చూసేవారు, తాత కూడా అలాగే చూడనిచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఎర్రగుడ్డల సంగతి చెప్పొచ్చు కదా అనుకునేవాణ్ణి. ఆ ఎర్రగుడ్డలు వాళ్ళందరూ ఆ రోజు మాకంటే ముందే చూశారని నాకు తట్టేది కాదు.

ఇవాళ పొద్దున్న కాలనీ ముఖద్వారం దగ్గర ఒక వ్యాను ఆగింది. శ్రీకాకుళం అవతల నుంచి వచ్చారట. ఒక ముసలాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, ఐస్‌ఫ్రూటు చీకుతున్న ఇద్దరు పిల్లలు. పిల్లలకి విమానాలు చూపించడానికి తెచ్చామన్నారు. పిల్లలు ఆకాశంలోకి చూస్తున్నారు. ముసలాయన మాత్రం ఇళ్ళ వైపు చూస్తున్నాడు. వాళ్ళ ఊరి దగ్గర ఏదో రేవు కడతారట. చెప్పీ చెప్పనట్టు చెప్పి, నా దగ్గరికి వచ్చాడు.

"బావూ, ఇక్కడ ఎలాగున్నాది?"

నేను ప్రతిదానికీ ఏదో ఒక వెటకారం సిద్ధంగా పెట్టుకునే మనిషిని. ఒకటి నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ముఖం చూశాను.

"బాగున్నాది తాతా. నీల్లు, కరెంటు, రోడ్డు, అన్నీ ఉన్నాయి" అన్నాను.

ఆయన కాసేపు నా కళ్ళలోకే చూశాడు. తర్వాత తల ఊపి, "అలాగేలే నాయినా" అని, పిల్లల్ని కేకేసి వ్యాను ఎక్కించాడు. ఎక్కాక భార్య ఏదో అడిగింది. "బాగున్నాదంట" అన్నాడు, అందరికీ వినబడేలా.

నా మాట ఆయన ఒక్క ముక్క నమ్మలేదు. ఆ రోజు టీ బడ్డీ దగ్గర తాత మాట కూడా ఎవరూ నమ్మలేదు. ఇళ్ళకెళ్ళి ఆ పూట అన్నం తినాలంటే ఎవరో ఒకరు ఆ మాట అనాలి. తాత అన్నాడు.